చదరంగపు గింజల లెక్క

తెలుగులో తొలి శాస్త్ర గ్రంథకర్తగా పేరొందిన పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెనిగించాడు. అతడు నన్నయకు సమకాలికుడని ప్రసిద్ధి, అంటే క్రీ.శ. 11వ శతాబ్దివాడు. చదరంగపు 64 ఇళ్లలో మొదటి ఇంట ఒకటి, రెండవ ఇంట రెండు, మూడవ ఇంట నాలుగు చొప్పున రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని మల్లన ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. ఆ మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615.

ఆ పద్యంలో ఉన్నవి అంకెలు కావు, మాటలు. శరమంటే 5, వేదమంటే 4, గగనమంటే సున్న. ఒకట్ల స్థానం నుండి ఎడమకు నడవాలి. వ్రాయసకాడు అంకె తప్పు వ్రాస్తే పట్టుకోవడం కష్టం. పద్యంలో మాట తప్పితే చాలావరకు ఛందస్సే పట్టిస్తుంది. కుడి నుండి ఎడమకు చదివే అరబ్బులకూ సంఖ్యలో ముందుగా ఎదురయ్యేది ఒకట్ల స్థానమే. ఆ అంకెలను వారు 'హిందీ' అంకెలనే పిలిచారు.

ఇదే సంఖ్యను మల్లనకు కొంత ముందు, క్రీ.శ. 1000 ప్రాంతంలో, అల్‌బిరూనీ తన 'అల్ ఆసారుల్ బాఖియా'లో సాధించాడు. ఒకరి సంగతి మరొకరికి తెలిసిందనడానికి ఆధారం లేదు. బిరూనీ 64 ఇళ్లనూ కూడుతూ కూర్చోలేదు. అయిదవ ఇంటి 16ను వర్గం చేస్తే 256. దాని వర్గం 65,536. దాని వర్గం 4,29,49,67,296. దానిని మరొకసారి వర్గం చేసి ఒకటి తీసివేస్తే లెక్క తేలిపోతుంది. ఏ ఇంటి వరకైనా గింజల మొత్తం తరువాతి ఇంటి గింజలకు ఒకటి తక్కువ కావడమే ఇందులోని కీలకం. జవాబు గుర్తుంచుకోవడానికి మల్లన పద్యం చాలు. జవాబును నమ్మడానికి బిరూనీ మార్గం కావాలి.

ఆ మార్గమే సంఖ్య లోపలి నిర్మాణాన్నీ చూపుతుంది. ఇది 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అనే ఆరు సంఖ్యల లబ్ధం. చివరిది దేనిచేతనూ భాగింపబడదని 17వ శతాబ్దిలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా భావించాడు. 641 దానిని నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపాడు.

లెక్క విన్నవారందరూ నమ్మలేదు. 13వ శతాబ్ది చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్, చదరంగంలో దిట్ట అయిన అస్సూలీ జీవితాన్ని వ్రాస్తూ, రాజు వద్ద గోధుమగింజలు బహుమానంగా కోరిన సిస్సా కథ చెప్పి, అంత మొత్తం అవుతుందా అని తనకు కలిగిన శంకను దాచుకోలేదు. అలెగ్జాండ్రియాలో ఒక లెక్కల గుమాస్తా కాగితంపై ఆ శంక తీర్చాడు. 16వ ఇంటి 32,768 గింజలను ఒక కొలపాత్రగా పట్టాడు. అక్కడి నుండి కొలతలు గాదెలయ్యాయి, గాదెలు నగరాలయ్యాయి. 64వ ఇంటి గింజలు పట్టడానికి 16,384 నగరాలు కావలసివచ్చాయి.