కొండలు దాటిన చిక్కం కర్ర

2023 అక్టోబర్ 16న ముంబయిలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశమై, 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్‌కు చోటిచ్చింది. ఆ కబురు మన ఇళ్లలో ఎంత సందడి చేసిందో గుర్తుండే ఉంటుంది. అదే రోజు, అదే తీర్మానంలో ఇంకో ఆటకూ తలుపు తెరుచుకుంది. దాని పేరు లాక్రోస్. క్రికెట్ 1900లో ఒక్కసారే ఒలింపిక్స్‌లో కనబడి మాయమైతే, లాక్రోస్ 1904లోనూ 1908లోనూ పతకాల ఆటగా ఉండి వెళ్లిపోయింది. అది తిరిగి రావడం వెనక ఒక కర్ర కథ ఉంది.

ముందు ఆ కర్రను చూద్దాం. దూడ మూతికి కట్టే చిక్కాన్ని ఒక పొడుగాటి కర్ర కొసన బిగించినట్టు ఉంటుంది. అందులో పిడికిట్లో పట్టేంత గట్టి రబ్బరు బంతి. ఆటగాడు పరిగెడుతున్నంతసేపూ మణికట్టు తిప్పుతూ కర్రను ఊయలలా ఊపుతుంటాడు. ఆ ఊపు ఆగితే బంతి జారిపోతుంది, లేదా ఎదుటివాడు దెబ్బకొట్టి రాలగొడతాడు. పిల్లలు మొదట నేర్చుకునేది ఈ ఊపే. తర్వాత ఒక గోడ చూసుకుని బంతిని దానికేసి కొట్టడం, తిరిగొచ్చిన బంతిని చిక్కంలో పట్టడం, కుడిచేత్తో వందసార్లు, ఎడంచేత్తో వందసార్లు. గోడ ఒక్కటుంటే తోడు లేకపోయినా సాధన సాగుతుంది. లాక్రోస్ ఎరగని ఊళ్లలో పెరిగిన పిల్లలకు ఆ గోడే ఆసరా అయింది.

ఈ ఆట ఉత్తర అమెరికా ఆదివాసులది. హౌడెనొషోనీ జాతుల వాళ్లకు ఇది సృష్టికర్త ఇచ్చిన ఆట. జబ్బుపడినవాళ్లకు స్వస్థత కోరుతూ కూడా ఆడతారు. మాంట్రియల్‌లో విలియం జార్జ్ బీర్స్ అనే దంతవైద్యుడు 1867లో దీనికి నియమాలు రాసి, జింకతోలు బంతి స్థానంలో రబ్బరు బంతి పెట్టాడు. పదమూడేళ్లు తిరక్కుండానే, 1880లో, కెనడా లాక్రోస్ సంఘం ఆదివాసులను తన పోటీలనుంచి వెలివేసింది. ఆట నేర్పినవాళ్లనే మైదానం బయట నిలబెట్టిన అన్యాయం అది. ఈ కథ పొడుగునా అది వెంటాడుతూనే ఉంటుంది.

అమెరికాలో ఈ ఆట న్యూయార్క్ చుట్టుపక్కల, లాంగ్ ఐలాండ్‌లో, బాల్టిమోర్‌లో పాతుకుపోయింది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 1883లోనే జట్టు కట్టింది. తండ్రి ఆడిన బడికే కొడుకు వెళ్లాడు, ఆ బడినుంచి ఆ కళాశాలకే చేరాడు. దాదాపు తొంభై ఏళ్లు ఆట ఆ తూర్పు అంచున తిరుగాడుతూ ఉండిపోయింది. కారణాలు చాలా చెబుతారు గానీ, నేను అన్నిటికన్నా ముందు కర్రనే పట్టుకుంటాను.

కర్ర చెయ్యడం ఆషామాషీ పని కాదు. గొడ్డలి కామలకు వాడే హికరీ చెట్టును కొట్టి, మానును నిలువునా చీల్చి, ఆవిరి పట్టి కొస వంచి, నెలల తరబడి ఆరబెట్టాలి. తర్వాత చెక్కి, చిల్లులు పొడిచి, తోలు పట్టీలతో, నరాల దారంతో చిక్కం అల్లాలి. చిక్కానికి ఒకవైపు చెక్క గోడ, రెండోవైపు దారం. అందుకే ఏ కర్రా ఇంకో కర్రలా ఉండదు, చేతులు మార్చి ఆడటమూ కష్టమే. సిరక్యూస్ దగ్గర, హౌడెనొషోనీల్లో ఒకరైన ఒనొండాగా జాతి నేలలో ఆల్ఫ్ జాక్స్ తన తండ్రితో కలిసి ఈ పని మొదలుపెట్టి, 2023లో కన్నుమూసేదాకా వదల్లేదు. కర్రలో చెట్టు ప్రాణం ఉంటుందని ఆయనలాంటి వాళ్ల నమ్మకం. అలాంటి కర్రను డెన్వర్‌లోనో డాలస్‌లోనో బడిపిల్లలకు పాతికమందికి ఒక్కసారిగా తెచ్చివ్వడం ఎవరి తరం?

1968లో కెనడాలో కార్న్‌వాల్ దీవిలోని చిజమ్ కర్రల కర్మాగారం కాలిపోయింది. అప్పట్లో ప్రపంచంలో అమ్ముడయ్యే లాక్రోస్ కర్రల్లో చాలా భాగం హౌడెనొషోనీల్లోనే ఒకరైన మోహాక్ జాతివాళ్లు అక్కడ చేసినవే. రెండేళ్లకే, 1970లో, బాల్టిమోర్‌కు చెందిన ఎస్‌టీఎక్స్ సంస్థ ప్లాస్టిక్ తలకట్టు ఉన్న కర్రకు పేటెంట్ తీసుకుంది. తేలిక, రెండువైపులా సమానం, అచ్చులో పోస్తే వెయ్యి తలలు ఒకేలా వస్తాయి. కుడిచేతి వాటం, ఎడంచేతి వాటం అన్న తేడా పోయింది. ఆదివాసి కళాకారుల జీవనాధారాన్ని అది దెబ్బతీసింది కాబట్టి ఆ ప్లాస్టిక్‌ను ఊరికే పొగడటానికి నాకు మనసొప్పదు. అయినా ఆట తూర్పు అంచు వదిలి కొండలు దాటింది దానివల్లనే.

1971లో కళాశాలల జాతీయ పోటీ మొదలైంది. తొలి టైటిల్ కార్నెల్‌ది. అక్కడినుంచి 2014 దాకా పురుషుల విజేతలందరూ తూర్పు రాష్ట్రాలవాళ్లే. కానీ ఆడి, చదువు ముగించి, ఉద్యోగాలకు షికాగోకు, కొలరాడోకు, కాలిఫోర్నియాకు వెళ్లినవాళ్లు ఊరుకోలేదు. కారు డిక్కీలో కర్రలు వేసుకెళ్లి వాడవాడలా పిల్లలను పోగుచేశారు. 2001లో దేశం మొత్తం మీద ఆటగాళ్లు సుమారు రెండున్నర లక్షలు. 2016కల్లా ఎనిమిది లక్షలు దాటారు.

పిల్లలున్నారు సరే, వాళ్ల వైపు చూసే కోచ్ కావాలిగా! షికాగో పక్కనున్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం 2002లో మహిళల జట్టును పునరుద్ధరించినప్పుడు కోచ్ కెల్లీ అమాంటీ హిల్లర్‌కు ఎదురైన చిక్కు ఇంకోటి. తూర్పున పేరున్న అమ్మాయిలు అంతదూరం రారు. ఆమె క్యాంపస్‌లోనే వెతికింది. జాగింగ్ చేస్తున్న కవల అక్కచెల్లెళ్లు కంటబడితే వెళ్లి అడిగింది, జట్టులోకి వస్తారా అని. వాళ్లు అంతకుముందు ఈ ఆట ఆడినవాళ్లు కారు. పరుగు ఉంటే చాలు, కర్ర నేర్పవచ్చని ఆమె ధైర్యం. 2005లో నార్త్‌వెస్టర్న్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జాతీయ విజేత అయింది, 2009 వరకు వరసగా అయిదేళ్లు టైటిల్ వదల్లేదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది.

పురుషుల్లో, తూర్పుకు బయట టైటిల్ గెలిచే ఆ పని బిల్ టియర్నీ చేశాడు. ప్రిన్స్‌టన్‌కు ఆరు టైటిళ్లు గెలిచిపెట్టిన మనిషి 2009లో అన్నీ వదులుకుని డెన్వర్ వెళ్లాడు. 2015 ఫైనల్‌లో డెన్వర్ 10–5తో మేరీలాండ్‌ను ఓడించింది. అందులో అయిదు గోల్స్ కొట్టిన వెస్లీ బర్గ్ కెనడా పడమటి తీరంలోని బ్రిటిష్ కొలంబియా కుర్రాడు. అంతకు మూడేళ్ల ముందే, ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే టెవారటన్ పురస్కారం ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్ వాడైన పీటర్ బామ్‌కు దక్కింది. మిసిసిపీ నదికి పడమట పెరిగినవాడికి అది దక్కడం అదే మొదలు.

ఆట పెరిగేకొద్దీ కోచ్‌ల మధ్య పోటీ ముదిరింది. వేసవి టోర్నమెంట్లలో మైదానం అంచున కుర్చీలు వేసుకుని, జెర్సీ నంబర్లు రాసుకుని, ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలకే సీటు ఖాయమని నోటిమాట ఇచ్చేశారు. గొంతు కూడా మారని పిల్లాడు తన కళాశాల ఇదేనని ప్రకటించడం ఏం సబబు? ఇందులో కొత్త ప్రాంతాల పిల్లలకే ఎక్కువ నష్టం. వాళ్లు కర్ర పట్టేదే ఆలస్యంగా, ఆట పదునెక్కేసరికి సీట్లన్నీ పంచేసి ఉంటాయి. చివరికి కోచ్‌ల సంఘాలే మొరపెట్టుకోగా, పదకొండో తరగతి సెప్టెంబర్ 1 దాకా ఏ కోచ్ కూడా పిల్లలతో మాట కలపకూడదని 2017లో నిబంధన వచ్చింది. అది ముమ్మాటికీ మంచి నిర్ణయం.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. లాక్రోస్ నేర్పిస్తే చదువు ఉచితంగా అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 2025లో నియమాలు మారేదాకా అగ్రశ్రేణి పురుషుల జట్టు మొత్తానికి ఉండే స్కాలర్‌షిప్‌లు 12.6 మాత్రమే. వాటిని నలభై మందికి పైగా పంచుకునేవారు. ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్ కళాశాలల్లో ఆటకంటూ స్కాలర్‌షిప్ అసలే లేదు. పిల్లలకు ఇష్టమైతే ఆడించండి.

టెవారటన్ అన్నది మోహాక్ మాట, వాళ్ల భాషలో ఈ ఆట పేరు. 2001 నుంచి ఇస్తున్న ఆ పురస్కారం ఒక ఆదివాసికి దక్కడానికి 2014 దాకా పట్టింది. ఒనొండాగా అన్నదమ్ములు లైల్ థాంప్సన్, మైల్స్ థాంప్సన్ ఆ ఏడు దాన్ని కలిసి అందుకున్నారు. వాళ్లు ఆడిన ఆల్బనీ విశ్వవిద్యాలయం హౌడెనొషోనీల తాతల నాటి నేలకు దూరమేమీ కాదు. కోచ్‌ల చూపు ఒరెగాన్ దాకా పోయింది గానీ, పెరట్లోని ఈ పిల్లల మీద నిలవడానికి అంతకాలం పట్టింది.

ప్రపంచ పోటీల్లో హౌడెనొషోనీలు తమ సొంత జెండా కింద ఆడతారు. పురుషుల జట్టు 2014, 2018, 2023లలో వరసగా మూడో స్థానంలో నిలిచింది. కానీ ఒలింపిక్స్‌లో ఆడాలంటే జాతీయ ఒలింపిక్ కమిటీ ఉండాలి, వాళ్లకు అది లేదు. 2023 డిసెంబర్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ వాళ్లను ఆడనివ్వాలని బాహాటంగా కోరాడు. అమెరికా తరఫునో కెనడా తరఫునో ఆడవచ్చన్నది అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మాట. అది చాలదు. 2028 జులైలో క్రికెట్ కోసం టీవీ పెట్టినప్పుడు ఒక్క గంట లాక్రోస్ వైపు కూడా తిప్పండి. పోటీలో ఆరు జట్లుంటాయి. ఊదారంగు మీద తెల్లటి గుర్తులున్న హౌడెనొషోనీ జెండా వాటిలో ఉందో లేదో చూడండి.