ఐపీ చిరునామా ఘర్షణ (ఇంటి నెట్‌వర్క్)

ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో రెండు పరికరాలు ఒకే ఐపీ చిరునామాతో పనిచేయబోయినప్పుడు వచ్చే లోపం ఇది. వాడుకలో 'ఐపీ కాన్‌ఫ్లిక్ట్' అంటారు. ఫోన్లో వైఫై గుర్తు నిండుగానే కనిపిస్తుంది, నెట్ మాత్రం వస్తూ పోతూ ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఇంటర్నెట్ సేవ ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయల తొలి ప్యాకేజీతో టీవీ, ఫోన్, ఇంటర్నెట్ ఒకే తీగ మీద ఇంట్లోకి వచ్చాయి. వినుకొండ (2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లా) వంటి ఊళ్లలో నెట్ ఆగితే ఫోన్ చేసేది చాలావరకు కేబుల్ ఆపరేటర్‌కే. కానీ ఈ ఘర్షణ ఇంటి లోపలిది.

ఇళ్లలో ఎక్కువగా కనిపించే 192.168 వరుసను ప్రైవేటు వాడకానికి కేటాయించిన ప్రమాణం 1996 ఫిబ్రవరి నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918. పక్కింటి రూటర్ కింద అదే చిరునామా ఉన్నా చిక్కు లేదు. చిరునామాలు పంచేది రూటర్‌లోని డీహెచ్‌సీపీ. దాని పుట్టుకకు 1993, 1997 అని రెండు లెక్కలున్నాయి. రెండోది సవరించిన ప్రమాణం (ఆర్‌ఎఫ్‌సీ 2131) వెలువడిన ఏడు కనుక మొదటిదే సబబు.

రూటర్ తానే ఒక చిరునామాను ఇద్దరికి ఇవ్వడం అరుదు. చేత్తో పెట్టిన చిరునామాల దగ్గరే తగువు. ఉదాహరణకు మిర్చి వ్యాపారి ఇంట్లో సీసీ కెమెరాల డీవీఆర్‌కు 192.168.1.108 స్థిరంగా పెట్టారనుకుందాం. రూటర్ పంచే చిరునామాల చివరి సంఖ్య 100 నుంచి 200 వరకు. కరెంటు పోయి వచ్చాక రూటర్ పాత పంపకాల పట్టీ మరచిపోవచ్చు. బ్యాటరీ మీదున్న ఫోన్ ముందే చేరి 108 పట్టేస్తుంది. హార్డ్ డిస్క్ తిరిగి డీవీఆర్ లేచేసరికి దాని చోటు ఖాళీగా ఉండదు.

నిర్ధారణకు డీవీఆర్ తీగ పీకి, కంప్యూటర్ నుంచి 108కి పింగ్ కొట్టాలి. జవాబు వస్తే అక్కడ మరొకరున్నట్టే. రాకపోయినా లేరని తేల్చలేం, కొన్ని పరికరాలు పింగ్‌కు పలకవు. రూటర్ పేజీలోని పరికరాల పట్టికలో మ్యాక్ నంబరు (పరికరపు సొంత గుర్తింపు సంఖ్య) చూస్తే అదెవరో తెలుస్తుంది. డీవీఆర్‌ను 50కి మార్చడమో, రూటర్‌లో దాని మ్యాక్‌కు 108ని రిజర్వు చేయడమో శాశ్వత పరిష్కారం. ఫైబర్ బాక్సు, అదనపు రూటర్ రెండూ 192.168.1.1 అయితే ఒకదాని వరుస మార్చాలి. రెండో రూటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా వాడితే చిరునామా మార్చి, డీహెచ్‌సీపీ ఆపాలి.

బాక్సు వెనుక రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చకూడదు: ఆపరేటర్ పెట్టిన లాగిన్ వివరాలు చెరిగిపోవచ్చు, అప్పుడు ఆయన వచ్చేదాకా నెట్ రాదు.