కాంట్రా మన టీవీలో ఎలా ఆడింది

1990లలో తిరుపతి, చిత్తూరు వీధుల్లో పెరిగిన పిల్లలకు మారియో, కాంట్రా వీడియో గేములు కొత్త కాదు. అయితే ఆ ఆటలు మనకోసం పుట్టినవి కావు. జపాన్ కరెంటుకు, జపాన్ టీవీకి తగ్గట్టు తయారైనవి. అవి మన ఇళ్లలోని సాలిడేర్, డయనోరా టీవీల్లో ఆడాయంటే మధ్యలో చాలా చిక్కులు విడిపోవాల్సి వచ్చింది. ఆ చిక్కులు నా రిపేరు బల్ల మీదికి వచ్చేవి కాబట్టి, ఈ చరిత్ర ఒక టీవీ మెకానిక్ రాయాల్సిందేనని నా నమ్మకం.

మొదటి చిక్కు టీవీదే. 1982లో దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పుడు మన దేశం పాల్ పద్ధతి తీసుకుంది. అంటే తెర మీద 625 గీతలు, 50 హెర్ట్జ్. అమెరికా, జపాన్‌లది ఎన్‌టీఎస్‌సీ. వాళ్లకు 525 గీతలు, 60 హెర్ట్జ్. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన వీడియో గేమ్ సెట్టును చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. "అన్నా, బొమ్మ దొర్లతా ఉండాది. రంగూ లేదు, సౌండూ లేదు" అనేవాళ్లు. వెనకనున్న వీ-హోల్డ్ తిప్పితే దొర్లడం ఆగేది. రంగు మాత్రం వచ్చేది కాదు. మన టీవీ రంగును 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర వెతుకుతుంది, ఆ సెట్టు 3.58 దగ్గర పంపుతుంది. సౌండు మనకు బొమ్మకు 5.5 మెగాహెర్ట్జ్ ఎడంలో ఉంటే వాళ్లకు 4.5. అందుకే యాంటెన్నా వైరు గుండా వచ్చిన ఆట మూగది. పీలేరు, రాయచోటి వైపు నుంచి కువైట్ పోయినవాళ్లు తెచ్చిన మల్టీ సిస్టమ్ టీవీ ఉన్న ఇంట్లో మాత్రం, ఏవీ పిన్ను గుచ్చితే రంగూ సౌండూ రెండూ పలికేవి.

అడాప్టరు ఇంకో గండం. 120 వోల్టులదాన్ని మన 230లో గుచ్చితే కాలిన వాసన తప్ప మిగిలేది ఏమీ లేదు. పైగా నింటెండో కంపెనీ అమెరికాలో అమ్మిన సెట్టుకు 9 వోల్టుల ఏసీ కావాలి, జపాన్‌లో అమ్మిన ఫామికామ్‌కు డీసీ కావాలి. పిన్ను పట్టింది కదా అని అమెరికా అడాప్టరు పెడితే ఫామికామ్ చచ్చిపోతుంది.

ఇవి కరెంటు, సిగ్నల్ తెచ్చిన తేడాలు. నింటెండో కావాలని పెట్టినవి వేరే ఉన్నాయి. 1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్ క్యాసెట్టుకు 60 పిన్నులు. 1985లో అమెరికాకు పంపిన సెట్టుకు 72. అందులో నాలుగు తాళం చిప్ కోసమే. ఆ చిప్ క్యాసెట్టులోని జోడీని గుర్తుపట్టకపోతే సెట్టు సెకనుకోసారి రీసెట్ అవుతూ తెర మిణుకుమంటుంది. ఫామికామ్‌లో ఆ తాళం లేదు. లిటిల్ మాస్టర్, విజ్ కిడ్ లాంటి నకలు సెట్లు ఫామికామ్‌ను చూసి చేసినవి కాబట్టే ఇక్కడ క్యాసెట్టు చేతులు మారుతూ ఇల్లిల్లూ తిరిగింది.

నకలు చిప్‌ల వెనక గట్టి ఇంజినీరింగ్ ఉంది. పాల్ దేశాలకు నింటెండో అమ్మిన సెట్టులో ప్రాసెసర్ వేగం 1.79 నుంచి 1.66 మెగాహెర్ట్జ్‌కు తగ్గింది. తైవాన్‌లోని యూఎంసీ కంపెనీ తన నకలు చిప్‌లో దాన్ని 1.77 దగ్గరే నిలిపి, తెరను మాత్రం 50 హెర్ట్జ్‌కు మార్చింది. అందువల్ల జపాన్ క్యాసెట్టు లెక్క తప్పకుండా నడిచేది. ఆట వేగం మాత్రం ఆరింట అయిదు వంతులే. అమెరికాలో ఆడినవాళ్లకు మారియో పాట సాగుతున్నట్టు వినిపించేది, మన పిల్లలకు అదే అసలు పాట.

బొమ్మల్లోనూ ప్రాంతాల తేడా ఉంది. 1990లో యూరప్‌కు పంపిన కాంట్రాలో మనుషుల్ని తీసేసి రోబోల్ని పెట్టి, ప్రోబోటెక్టర్ అని పేరు మార్చారు. మనదీ పాల్ దేశమే, అయినా మన పిల్లలు ఆడింది ఎర్ర ప్యాంటు, నీలం ప్యాంటు మనుషులతోనే. ఎందుకంటే మన క్యాసెట్టు వచ్చిన దారి యూరప్‌ది కాదు.

సోనీ ప్లేస్టేషన్ 2 కాలానికి తాళం డిస్కులోకి మారింది. అమెరికా డిస్కు మన సెట్టులో ఆడదు. ఆ తాళాన్ని దాటించే చిప్ వేయించుకోవడానికి చెన్నై రిచీ స్ట్రీటుకు బస్సెక్కేవాళ్లు. ప్లేస్టేషన్ 3 ఆటలకు సోనీ ఆ తాళం తీసేసింది. ఈనాడు హెచ్‌డీఎంఐ టీవీకి 50 అయినా 60 అయినా ఒకటే, అలాంటి టీవీలు మన రేణిగుంట దగ్గరే తయారవుతున్నాయి.

ఆటను దేశాల వారీగా కత్తిరించడం వ్యాపారానికి పనికొచ్చిందేమో గానీ పిల్లలకు ఒరిగింది ఏమీ లేదు. ఆ కత్తిరింపులను కలిపి కుట్టింది పేరు లేని చిప్ ఇంజినీర్లు, టంకం పట్టిన మెకానిక్కులు. వాళ్ల పని ఏ పుస్తకంలోనూ చేరకముందే పాత సామాను బండ్లెక్కిపోతోంది. మీ అటక మీద పాత సెట్టు ఉంటే అమ్మకండి. దాని అడాప్టరుతో సహా దాచండి, ఎక్కడ కొన్నారో, ఎవరు బాగుచేశారో ఒక కాగితం మీద రాసి డబ్బాలో పెట్టండి.