కురిచేడులో శానిటైజర్ మరణాలు, 2020

మద్యం మెదడుకు హుషారునిస్తుందనుకోవడం పొరపాటు. అది మెదడు పనిని మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు అది ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి ఫిట్స్ వస్తాయి. ఇలాంటి స్థితిలో వైద్యులు డయాజెపామ్ ఇస్తారు. అదీ మెదడును నెమ్మదింపజేసే మందే. మోతాదు తెలిసి ఇస్తే ప్రాణం నిలుపుతుంది, మద్యంతో కలిపి మింగితే ఊపిరి ఆపగలదు.

మద్యాన్ని ఆపే ప్రయత్నాలు ఆంధ్రప్రదేశ్‌లో కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామ మహిళల పోరాటం 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధం సడలింది. 2020 మే నెలలో రాష్ట్రంలో మద్యం ధరలు 75 శాతం పెరిగాయి. జూలైలో కరోనా కట్టడితో ప్రకాశం జిల్లా దర్శి ప్రాంతంలోని కురిచేడులో మద్యం దుకాణాలూ మూతపడ్డాయి. అలవాటు మానలేని పేదలు శానిటైజర్‌ను నీళ్లలోనో కూల్‌డ్రింకులోనో కలుపుకొని తాగారు. నెలాఖరులో రెండు మూడు రోజుల్లోనే దాదాపు పదిమంది చనిపోయారు. వాళ్లలో బిచ్చగాళ్లు, కూలీలు ఉన్నారు.

శానిటైజర్ తాగడానికి చేసింది కాదు. అందులో మిథనాల్ ఉంటే అది కాలేయంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు చూపును, తర్వాత ప్రాణాన్ని తీస్తుంది. మొదట మామూలు మత్తులాగే ఉంటుంది, ప్రమాదం గంటల తర్వాత గానీ బయటపడదు. దుకాణాలు మూసేటప్పుడు తాగుడు మాన్పించే చికిత్స కూడా ఊళ్లోనే అందించి ఉండాల్సింది.