మోట నుంచి బెల్టు దాకా: డోర్నకల్ తోలుపని

డోర్నకల్ చరిత్ర రాయమంటే ఎవరైనా రైలు దగ్గరే మొదలుపెడతారు. సింగరేణి బొగ్గు కోసం నిజాం రైలు 1888లో ఇటు వచ్చింది. ఇక్కడి నుంచి ఇల్లందు వైపు ఒక పాయ చీలింది. మరుసటి ఏడు ప్రధాన లైను బెజవాడను తాకింది, ఊరు జంక్షనైంది. తరవాత బిషప్ అజరయ్య పేరు వస్తుంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా ఆయన డోర్నకల్ పీఠం ఎక్కారు. గుమ్మటాలతో, మన రాతి స్తంభాలతో కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. బొగ్గుకు తేదీ ఉంది, రైలుకు ఉంది, చర్చికి ఉంది. ఈ మూడూ రాకముందు నుంచీ ఊరిని నడిపించిన తోలుపనికి మాత్రం తేదీ లేదు.

నేను ఆ పని చేసిన ఇంట్లో పుట్టాను. మా తాత లంద, అంటే తోలు ఊరేసే తొట్టి, పెట్టినవాడు. మా నాయిన స్టేషను రోడ్డులో చెప్పులు, బెల్టులు కుట్టినవాడు. నేను బళ్లో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. తేదీలు లేని పనికి పక్కవాటి తేదీలు అరువు తెచ్చుకునైనా వరస కట్టాలన్నది నా పట్టుదల.

వరసలో మొదట వచ్చేది మోట. ఇప్పటి పిల్లలకు అది పాటల్లో వినే మాట. బావి ఒడ్డు నుంచి ఎడ్లు వాలుగా కిందికి నడుస్తుంటే గిరక మీదుగా తోలు బొక్కెన పైకి వచ్చేది. బొక్కెన మూతికి ఇనుప చుట్టు, అడుగున తొండం అనే పొడుగాటి తోలు గొట్టం. బరువంతా మోకు మోసేది. తొండానికి కట్టిన సన్నతాడు దాని మూతిని పైకి మడిచి పట్టుకునేది. బొక్కెన ఒడ్డుకు రాగానే తొండం తొట్టిలోకి వాలి నీళ్లను తనంతట తానే కుమ్మరించేది. మనిషి చెయ్యి పెట్టి ఒంచే పనే లేదు. ఆ తోలు పగలంతా నానాలి, రాత్రి ఆరాలి, రాతి ఒడ్డుకు ఒరుసుకోవాలి, నీళ్ల బరువుకు సాగాలి, అయినా చిరగకూడదు. సాగుతూ చిరగని తోలు తయారుచేయడమే మావాళ్ల విద్య. కాడి వార్లు, చెర్నకోలలు, కిర్రుచెప్పులు, డప్పులు అన్నీ ఆ విద్యలోంచి పుట్టినవే.

లంద దగ్గర జరిగేది చూసినవాళ్లు తక్కువ, ముక్కు మూసుకుని పక్కనుంచి పోయినవాళ్లే ఎక్కువ. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. చచ్చిన గొడ్డును మోసుకుపోయి, తోలు ఒలిచి, సున్నపు తొట్లో వారం పది రోజులు నానేసేవాళ్లు. వెంట్రుక వదులయ్యాక దిమ్మె మీద పరిచి రంపెతో లోపలి కండ, కొవ్వు గీకేవాళ్లు. తరవాత కడగడం. సున్నం మిగిలితే తోలు పెళుసవుతుంది, అందుకే ఈ కడుగుడు దగ్గర తొందర పనికిరాదు. అప్పుడు లందలో తంగేడు చెక్క కషాయం. ముందు పలచటిది, రోజులు గడిచేకొద్దీ చిక్కటిది. మొదటే చిక్కటిది పోస్తే పైపొర బిగుసుకుపోయి కషాయం లోపలికి దిగదు. చివర్లో తోలును సంచిగా కుట్టి దూలానికి వేలాడగట్టి, అందులో దంచిన చెక్క, కషాయం నింపేవాళ్లు. అది తోలులోంచి చెమర్చి కారుతుంటే కింద పట్టి మళ్లీ పైన పోసేవాళ్లు. కరక్కాయ నీళ్లలో ముంచి, నూనె పట్టించి, నీడన ఆరేస్తే పని ముగిసేది. అంతా కలిపి నెల పైచిలుకు. నల్లరంగు కావాలంటే ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో పులియబెట్టి ఆ నీళ్లు పూసేవాళ్లు. తంగేడు పట్టిన తోలుకు ఇనుము తగిలితే నల్లబడుతుందని రసాయనశాస్త్రం చదవకుండానే వాళ్లకు తెలుసు.

బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వును 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పం చేశారు. చాలా సంతోషం. ఆ పొద చెక్క లేకపోతే ఊళ్లో ఒక్క మోట బావీ పారేది కాదని కూడా బడిపిల్లలకు చెప్పాలి.

ఇంత పనికి ఊరు ఇచ్చింది కల్లం మీద కొలిచిన నాలుగు గింజలు. దొరల దగ్గర అవీ లేవు. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో వెట్టి లెక్కలు చెబుతూ, దొరలకు చెప్పులు, మోటకు కావలసిన తోలు సామాను మాదిగలు ఊరికే ఇచ్చుకోవాల్సి వచ్చేదని రాశారు. విసునూరు దొర గడీ, ఆ పోరాటంలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం విడిచిన కడవెండి ఇప్పటి జనగామ జిల్లాలోవే. ఆ పోరాటాన్ని భూమి కథగా చెబుతారు, అది నిజమే. అందులో తోలు కథ కూడా ఉంది. మోట బావి నుంచి దొర పొలంలో పారిన ప్రతి చుక్క నీరూ ఎవరో కూలి లేకుండా కుట్టిన బొక్కెనలోంచే వచ్చింది. ఆ మనిషికి ఆ బావిలో నీళ్లు తోడుకునే హక్కు లేదు. దీన్ని అన్యాయం అనడానికి నేను ఏ మాత్రం వెనకాడను.

రైలు వచ్చాక ఇంకో మార్పు వచ్చింది, దీన్ని చరిత్ర రాసేవాళ్లు పట్టించుకోలేదు. అప్పటిదాకా ఊరి తోలు ఊళ్లోనే పండేది, ఊళ్లోనే అరిగేది. రైలుతో పచ్చితోలుకు దూరపు బేరం దొరికింది. ఉప్పు పట్టించిన తోళ్లు మద్రాసు వైపు టానరీలకు ఎక్కిపోసాగాయి. తమిళనాట వాణియంబాడి, ఆంబూరు, రాణిపేటల్లో ఇదే తంగేడు చెక్కతో సగం పండించి లండనుకు పంపేవాళ్లు. ఆ మార్కెట్లో దాన్ని ఈస్టిండియా తోలు అనేవారు. కొన్నాళ్లకు దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క దిగి తంగేడునూ పక్కకు నెట్టింది. ఊరి లందకు ముందు తోలు కరువైంది, తరవాత విలువ కరువైంది.

చర్చి ప్రభావం మా ఇంటికి బాగా తెలుసు. అజరయ్య గారి కాలంలో ఈ చుట్టుపక్కల మాల, మాదిగ వాడలు వాడలుగా క్రైస్తవం తీసుకున్నాయి. చచ్చిన గొడ్డు మాంసం మానాలన్నది సంఘంలో చేరేవాళ్లకు పెట్టిన గట్టి నియమాల్లో ఒకటి. బడి వచ్చింది, చదువు వచ్చింది, ఆడపిల్లకు పలకా బలపం వచ్చాయి. నేను టీచరమ్మను కావడం వెనక ఉన్నది ఆ బడే. అయితే గొడ్డు మాంసంతోపాటు గొడ్డు తోలు కూడా సిగ్గుపడే వస్తువైంది. మా అవ్వ లంద మాట ఎత్తితే గొంతు తగ్గించేది. ఆ సిగ్గు మాది కాదు, మా మీద మోపినది. ఇంత నైపుణ్యం ఉన్న పని చేసినందుకు తలెత్తుకోవాల్సిన మనుషులు తల దించుకున్నారు.

ఇక క్రోము. 1903 ప్రాంతంలో మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు క్రోము లవణాలతో తోలు పండించే ప్రయోగాలు మొదలుపెట్టాడు. నెల పట్టే పని రోజుల్లో తెమిలే పద్ధతి అది. ఆయన ఆ తోలును మొదట వాడి చూసిన వస్తువుల్లో బావి బొక్కెన ఒకటని చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. క్రోము తోలు నీళ్లలో నానినా చీకదు. ఎక్కడో ప్రయోగశాలలో తెల్లదొర తలపట్టుకున్న ప్రశ్నా, డోర్నకల్ వాడలో మా తాత తలపట్టుకున్న ప్రశ్నా ఒకటే. 1948లో మద్రాసులో కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థకు పునాది పడింది. దాన్ని ప్రపంచస్థాయికి తెచ్చినవాడు తెనాలి దగ్గర యలవర్రులో రైతు ఇంట పుట్టిన యలవర్తి నాయుడమ్మ. తోలును ముట్టుకుంటే మైల అనుకునే దేశంలో, తోలుపని చేసే కులం కాని మనిషి తోలుశాస్త్రంలో డాక్టరేటు చేసి జీవితమంతా దానికే ఇచ్చాడు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో పోయాడు. ఆయన పేరు మా ఇంట్లో నాయిన నోట వినేదాన్ని, పంతుళ్ల నోట కాదు.

ఆయిల్ ఇంజన్లు, వాటి వెనకే కరెంటు మోటార్లు వచ్చి మోట ఆగిపోయింది. 1970లు ముగిసేసరికి మోట కొట్టే బావి చూడాలంటే వెతకాల్సి వచ్చేది. మా తాత లంద ఎండింది. మా నాయిన ఆరె, రంపె, గూటం సంచిలో వేసుకుని స్టేషను రోడ్డుకు చేరాడు.

జంక్షను ఊరు కావడంతో అక్కడ నడుములకు కొదవ లేదు. యూనిఫారం వేసుకునే రైల్వే మనుషులు, పోలీసులు, ఇల్లందు కొత్తగూడెం వైపు నుంచి దిగే బొగ్గుబాయి కార్మికులు. బాయి కార్మికుడి నడుం బెల్టు షోకు కాదు. టోపీ దీపం బ్యాటరీ దానికే వేలాడాలి. చెమట, బొగ్గుపొడి, తడి కలిసి తోలును తినేసేవి. నాయిన పాత పట్టీ అడుగున కొత్త తోలు వేసి, బకిల్ దగ్గర రెండు వరసలు కుట్టి ఇచ్చేవాడు.

తరవాత బడిపిల్లల బెల్టులు వచ్చాయి. చారల లాస్టిక్ పట్టీ, ముందు రేకు కొక్కెం. సాగే పట్టీ కథ చాలా దూరంలో మొదలైంది. లండన్‌లో థామస్ హాంకాక్ 1820లోనే చేతితొడుగులకు, మేజోళ్లకు రబ్బరు పట్టీలు పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును కాచి, ఎండకు కరగకుండా చలికి బిగుసుకోకుండా చేశాడు. అయినా రబ్బరుకు శత్రువులు పోలేదు: ఎండ, నూనె, చెమట. మా ఎండలకు, పిల్లలు గుంజే గుంజుడుకు బడి బెల్టు ఒక ఏడు నిలిస్తే గొప్ప. సాగి వేలాడే పట్టీలు పట్టుకుని తల్లులు నాయిన దగ్గరికి వచ్చేవాళ్లు. ఏటా కొత్తది కొనలేని తల్లుల కోసమే ఆయన లాస్టిక్‌కు తోలు తొడగడం మొదలుపెట్టాడు.

పక్కన కూచుని చూసిన పని కనక చెబుతాను. నడుం చుట్టూ ముందువైపంతా మామూలు తోలు పట్టీ. వెనక జానెడు మేర మాత్రం లాస్టిక్. ఆ జానెడుకు జానెడున్నర పొడుగు మేకతోలు ముక్కలు రెండు కోసేవాడు. అంచులు రంపెతో గీకి పలచన చేసి, రెండూ కలిపి పొడుగునా కుడితే గొట్టమయ్యేది. లాస్టిక్‌ను అందులోకి దూర్చి ఒక చివర కుట్టేవాడు. రెండో చివర పట్కారుతో పట్టి, తోలు పొడుగుకు సమంగా లాగి అక్కడా కుట్టేవాడు. చెయ్యి వదలగానే తోలు సన్నటి కుచ్చులు పడి దగ్గరికి ముడుచుకునేది. లాగితే కుచ్చులు విప్పుకునేవి. తోలు తన పూర్తి పొడుగుకు వచ్చాక ఇక సాగదు, గుంజుడు బలం తోలు మీదికి పోతుంది. పిల్లవాడు ఎంత గుంజినా రబ్బరు తెగేదాకా సాగే అవకాశమే లేదు. మోట బొక్కెన కుట్టిన ఇంటి తెలివి అందులో ఉంది.

నిలువు కుట్టు ఎప్పుడూ లాస్టిక్ అంచు దాటి బయటే పడాలి. "సూది రబ్బరు పోగు మీద వడొద్దు బిడ్డా. ఒక్క పోగు తెగినా పట్టీ వనికిరాదు" అనేవాడు. చివరల్లో కుట్టక తప్పదు కాబట్టి అక్కడ లాస్టిక్‌ను మడిచి, మడత మీద అడ్డంగా, ఏటవాలుగా మైనం దారం వేసేవాడు. ఇంకో నియమం: ఈ బెల్టుకు నూనె రాయొద్దు. చెప్పుకు నూనె ప్రాణం పోస్తే, రబ్బరుకు ప్రాణం తీస్తుంది. అందుకే తాత చేసిన నూనె పట్టిన తంగేడు తోలు, ఇంట్లో మిగిలి ఉన్నా, దీనికి పనికిరాలేదు. మద్రాసు నుంచి వచ్చే మెత్తటి క్రోము మేకతోలే కొనాల్సి వచ్చింది. ఇదే స్టేషనులో పచ్చిగా రైలెక్కిన తోలు పండి, రంగు వేసుకుని, ధర పెరిగి మళ్లీ మావాళ్ల చేతికి వచ్చేది. మధ్యలోని లాభం ఎవరిదో నేను చెప్పనక్కర్లేదు.

తరవాతి సంగతి అందరికీ తెలిసిందే. అట్ట మీద రెగ్జిన్ అతికించిన బెల్టు అంగట్లో అగ్గువకు దొరుకుతుంటే కుట్టు కూలి ఎవరిస్తారు? ప్రభుత్వం తరపున లెదర్ పార్కుల మాట ఏళ్లుగా వింటున్నాం. ఆ పార్కులు రావాలి, నేను గట్టిగా కోరుకుంటాను. వచ్చినప్పుడు అందులో ముందు వరస కుర్చీ రంపె పట్టిన చేతులదే కావాలి. చదువుకున్న మా పిల్లలు డిజైనుకు, మార్కెట్టుకు రావాలి తప్ప తాత పని చేసినందుకు మొహం చాటేయకూడదు.

మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల్లో ఇది చదివే వాళ్లను ఒకటి అడుగుతాను. మీ పాత ఇళ్లలో, బావుల దగ్గర మోట బొక్కెన ఇనుప చుట్టో, తుప్పు పట్టిన రంపెనో ఉంటే పాత సామాన్లవాడికి తూకానికి వెయ్యకండి. ఊళ్లో పెద్దలు బతికుండగానే ఆ బొక్కెన ఎవరు కుట్టారో అడగండి. పేరు, వాడ, తండ్రి పేరు ఒక కాగితం మీద రాసి మీ ఊరి బళ్లో ఇవ్వండి. ఆ కాగితాలు కొన్ని పోగైతే ఈ పనికి తేదీలు నేను కడతాను.