తవుడుతో పోయిన బలం

జాతీయ పోషకాహార వారోత్సవాలు 1982 నుంచి ఏటా సెప్టెంబరు 1న మొదలై 7న ముగుస్తున్నాయి. ఆ వారం అంగన్‌వాడీల్లో, బడుల్లో చెప్పే మాటలు ఇంచుమించు ఒకటే. తెల్లటి అన్నం తగ్గించాలి, పప్పు, ఆకుకూరలు పెంచాలి, ఒంటికి పని చెప్పాలి. వీటిలో మొదటి మాట వెనక తెలుగువారి సొంత చరిత్ర ఉంది. అందులో గోదావరి, కృష్ణా డెల్టాల వడ్లున్నాయి, మరబియ్యంతో వచ్చిన రోగముంది, ఆ రోగాన్ని ఆపే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన నెల్లూరు బిడ్డ ఉన్నాడు.

జొన్నలు, ఉలవల కాలం

తెలుగు నేల తిండి చాలాకాలం వరి మీద నిలబడలేదు. రాయలసీమ, బళ్లారి ప్రాంతాల్లోని కొత్త రాతియుగపు ఊళ్లను తవ్వినప్పుడు ఉలవలు, పెసలు, అండుకొర్రల వంటి చిరుధాన్యాలు మాడిన గింజలుగా దొరికాయి. వాటి వయసు నాలుగు వేల ఏళ్ల పైమాటే. ఆఫ్రికా నుంచి వచ్చిన జొన్న, రాగి తరవాతి కాలంలో మెట్ట పొలాల్లో స్థిరపడ్డాయి. వరి మాత్రం చెరువు కిందా ఏటి ఒడ్డునా నీరున్న చోటనే పండింది. వరికూటికి అలవాటుపడిన నోటికి పల్నాటి జొన్నకూడు ఎంత కష్టంగా తోచిందో శ్రీనాథుడి పేరిట ప్రచారంలో ఉన్న చాటువులు చెబుతాయి. ఆ జొన్నకూటితోనే పల్నాడు తరతరాలుగా బతికింది.

తిండితో పాటు నడవడికి కూడా పెద్దలు కట్టుబాట్లు పెట్టారు. వాగ్భటుడి అష్టాంగ హృదయంలో దినచర్యకే ఒక అధ్యాయం ఉంది. తెల్లవారకముందే లేవడం, పళ్లు తోముకోవడం, ఒంటికి నూనె పట్టించడం, ఉన్న శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయడం అందులోని నియమాలు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయల ఉదయాన్ని వివరంగా రాసిపెట్టాడు. రాయలు పొద్దు పొడవకముందే నువ్వులనూనె తాగి, అదే నూనెను ఒళ్లంతా పట్టించుకునేవాడు. మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తి, నూనె అంతా చెమటలో కారిపోయేదాకా కత్తిసాము చేసేవాడు. తరవాత ఒక మల్లుడితో కుస్తీ పట్టి, తెల్లవారేవరకూ గుర్రపు స్వారీ చేసేవాడు. ఆయన రాసిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలానికి, ఎండకాలానికి, చలికాలానికి తగినట్టు వేర్వేరు వంటకాలు వడ్డిస్తాడు.

ఆ తరవాతి మూడు శతాబ్దాల్లో పెద్ద మార్పు నీటితో వచ్చింది. ఆర్థర్ కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లోనూ పూర్తయ్యాయి. డెల్టాలు వరిచేలుగా మారాయి. నీరు అందని రాయలసీమను 1876–78 కరువు చితికించింది. కరువు పనులకొచ్చిన కూలీలకు రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని ప్రభుత్వం పంపిన కరువు ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. కష్టం చేసే ఒంటికి ఆ తిండి ఏ మూలకూ రాదని మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యూ.ఆర్. కార్నిష్ వాదించాడు. ఆహారపు లెక్క మీద మన దేశంలో ప్రభుత్వం లోపల జరిగిన తొలి పెద్ద వాదనల్లో అది ఒకటి.

రోకలి నుంచి మరకు

డెల్టాలో వడ్లు పెరిగాక 19వ శతాబ్దం చివరి నుంచి బియ్యపు మరలు వచ్చాయి. అంతకుముందు వడ్లను రోట్లో పోసి ఆడవాళ్లు రోకళ్లతో దంచేవారు. ఊకను చాటతో చెరిగి తీసేసినా గింజ మీది పొర కొంతైనా నిలిచేది, అంకురం పూర్తిగా రాలేది కాదు. అన్నం కాస్త ఎర్రగా, ముతకగా ఉండేది. మర ఆ చాకిరీని తప్పించింది, అది చిన్న మేలు కాదు. తెల్లవారుజామునే రోకలి పట్టి గంటల తరబడి దంచిన చేతులకు దొరికిన విశ్రాంతి అది. అయితే మరలో పడిన గింజకు తవుడూ అంకురమూ రెండూ పోయి, తెల్లటి పిండిపదార్థమే మిగిలింది. ఆ తెల్లదనం హోదాకు గుర్తయింది.

నష్టం మరతో ఆగలేదు. బియ్యాన్ని నాలుగైదుసార్లు కడిగి ఆ నీళ్లు కుడితి గోలెంలో పోసేవారు. ఎసరు ఎక్కువ పెట్టి వండి గంజి వార్చేవారు. నీటిలో తేలిగ్గా కరిగే బి1 విటమిన్, అంటే థయామిన్, మరలో ఒకసారి, కడుగులో ఒకసారి, గంజిలో ఒకసారి పోయింది. తవుడు తిని కుడితి తాగిన గేదెకు అందిన పోషణ ఇంటి ఇల్లాలికి అందలేదు. థయామిన్‌ను శరీరం కొన్ని వారాలకు మించి నిల్వ ఉంచుకోలేదు. అది అందకపోతే పిండిపదార్థం నుంచి శక్తి తీసే పని కుంటుపడి, మొదట నరాలు, గుండె దెబ్బతింటాయి. పాదాలు తిమ్మిరెక్కుతాయి, పిక్కలు నొప్పెడతాయి, కాళ్లలో పట్టు తప్పుతుంది. కొందరికి ఒళ్లు నీరుపట్టి ఆయాసం వస్తుంది. ఇదే బెరిబెరి. విశాఖపట్నం నుంచి గుంటూరు దాకా పరచుకున్న ఉత్తర సర్కారు జిల్లాలు ఈ రోగానికి స్థావరమయ్యాయి.

దీని గుట్టు మొదట కోళ్ల దొడ్డిలో బయటపడింది. జావాలోని బటావియాలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మన్ పెంచుతున్న కోళ్లకు కాళ్లు పడిపోయాయి. అప్పట్లో వాటికి సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్ల అన్నం వేస్తున్నారు. కొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల బియ్యం కోళ్లకు ఇవ్వనన్నాడు. ముడిబియ్యం వేయడం మొదలుపెట్టాక కోళ్లు కోలుకున్నాయి. ఆ పరిశీలనే విటమిన్ల శాస్త్రానికి దారి చూపింది, 1929లో ఐక్మన్‌కు నోబెల్ బహుమతి తెచ్చింది.

నెల్లూరులో పుట్టిన రసాయన శాస్త్రవేత్త

తవుడులోని ఆ పదార్థమేమిటో తేల్చిన ఘనతలో పెద్ద వాటా రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్‌ది. ఆయన 1886 ఫిబ్రవరి 16న నెల్లూరులో, తెలుగువారి మధ్య పనిచేయడానికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దంపతులకు పుట్టాడు. అమెరికాలో చదువు ముగించి, ఫిలిప్పీన్స్‌లోని మనీలా సైన్సు బ్యూరోలో రసాయన శాస్త్రవేత్తగా చేరాడు. అక్కడ అమెరికా సైనిక వైద్యుడు ఎడ్వర్డ్ వెడర్ తవుడు సారం చేతికిచ్చి, బెరిబెరిని నయం చేస్తున్నది అందులోని ఏ పదార్థమో కనిపెట్టమన్నాడు. అది 1910 ప్రాంతం.

అప్పట్లో మనీలాలో తల్లిపాలు తాగే పసికందులు బెరిబెరితో చనిపోయేవారు. తల్లి తినేది తెల్లన్నమే కావడంతో పాలలోనూ థయామిన్ సరిపడా ఉండేది కాదు. బిడ్డ ఏడవబోతే గొంతు పెగిలేది కాదు, గుండె ఆగిపోయేది. అలాంటి బిడ్డల నోట్లో తవుడు సారం చుక్కలు వేస్తే కొన్ని గంటల్లోనే కోలుకునేవారు. ఆ దృశ్యం చూసిన యువకుడు ఆ తరవాత పాతికేళ్లు ఆ పదార్థం వెంటే పడ్డాడు.

ఆయన ఉద్యోగం మాత్రం వేరు. అమెరికాకు తిరిగివెళ్లాక బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల్లో రసాయన విభాగాన్ని నడిపాడు. విటమిన్ పరిశోధనను తీరిక వేళల్లో సాగించాడు. టన్ను తవుడు వడగడితే కొద్ది గ్రాముల స్ఫటికాలు వచ్చేవి. 1926లో జావాలో యాన్సెన్, డోనాత్ అనే శాస్త్రవేత్తలు ఆ స్ఫటికాలను మొదట వేరుచేశారు. విలియమ్స్ దాని అణు నిర్మాణాన్ని తేల్చి, 1936లో దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేశాడు. టన్నుల తవుడు అవసరం లేకుండా బెరిబెరికి మందు దొరికింది. పేటెంట్ల మీద వచ్చిన రాబడితో, సహచరుడు రాబర్ట్ వాటర్‌మన్ పేరు కూడా కలిపి, పోషకాహార లోప వ్యాధులతో పోరాడే నిధిని నెలకొల్పారు. 1940ల చివర ఫిలిప్పీన్స్‌లోని బటాన్‌లో విటమిన్ చేర్చిన బియ్యం పంచిన ప్రయోగం వెనక ఉన్నదీ ఆయనే.

ఆయన తమ్ముడు రోజర్ విలియమ్స్ 1893లో ఊటీలో పుట్టాడు. పాంటోథెనిక్ ఆమ్లమనే విటమిన్‌ను కనిపెట్టింది అతనే. 1941లో అతని బృందం నాలుగు టన్నుల పాలకూర నుంచి మరో విటమిన్‌ను వేరుచేసి, ఆకు నుంచి వచ్చింది కనుక ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టింది. 1928లో బొంబాయి వచ్చిన వైద్యురాలు లూసీ విల్స్, గర్భిణుల రక్తహీనతను ఈస్టు సారంతో నయం చేసినప్పుడు పనిచేసిన పదార్థం అదే. దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధక బృందానికి నాయకుడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సొంత అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు బలిగొనడం చూసిన మనిషి ఆయన. స్ప్రూ రోగుల రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లమే మందయింది. నెల్లూరు, ఊటీ, భీమవరం: మద్రాసు రాష్ట్రంలోని ఈ మూడు చోట్ల పుట్టిన ముగ్గురు అమెరికాలో చేసిన పని ఈనాటి ప్రతి గర్భిణి మాత్రలోనూ, విటమిన్ సీసాలోనూ ఉంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో సుబ్బారావు పక్కన ఆ అన్నదమ్ములకూ చోటు దక్కాలి.

కూనూరు నుంచి తార్నాకకు

ఇదే కాలంలో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదితో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. బియ్యానికీ బెరిబెరికీ ఉన్న సంబంధం మీద ఆయన, సహచరుడు నోరిస్ కలిసి 1924లో గ్రంథం వెలువరించారు. తరవాత దేశంలోని వివిధ ప్రాంతాల భోజనాలను ఎలుకల గుంపులకు పెట్టి తూచారు. గోధుమ రొట్టె, వెన్న, పప్పు, పాలు, పచ్చి కూరలు, అప్పుడప్పుడు మాంసంతో కూడిన సిక్కుల భోజనం తిన్న ఎలుకలు సగటున 235 గ్రాములు తూగాయి. తెల్లన్నం ప్రధానమైన మద్రాసు భోజనం తిన్నవి 155 గ్రాముల దగ్గరే ఆగి, అన్నిటికంటే వెనకబడ్డాయి.

1935లో కూనూరు పరిశోధనల బాధ్యత తీసుకున్న డబ్ల్యూ.ఆర్. అయిక్రాయిడ్ ప్రశ్నను తెలుగు జిల్లాలకు తీసుకొచ్చాడు. తమిళ ప్రాంతంలోనూ అన్నమే తింటారు, అక్కడ బెరిబెరి ఎందుకు లేదు? అక్కడ తినేది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఉడకబెట్టినప్పుడు పొరలోని విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది, తరవాత మర పట్టినా చాలా భాగం నిలుస్తుంది. కోస్తా తెలుగువారిది పచ్చిబియ్యం, అదీ మరలో తెల్లగా చేసింది. ఈ సంగతులన్నీ 1940లో వచ్చిన బియ్యం సమస్య గ్రంథంలో ఉన్నాయి. అంతకుముందే 1937లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలతో ఆయన చిన్న పుస్తకం తెచ్చాడు. నేటి ఆహార పట్టికలకు మూలం అదే.

కూనూరులోని ఆ పోషకాహార పరిశోధన సంస్థ 1958లో హైదరాబాదు తార్నాకకు మారింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు వచ్చింది. తెలంగాణ నేల మరో పాఠం నేర్పింది. జొన్నే ప్రధానాహారమైన పేదల్లో చర్మం, నరాలు దెబ్బతీసే పెల్లాగ్రా కనబడింది. 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య దాని మీద పరిశోధన ప్రచురించారు. ఏ ధాన్యమైనా ఒంటరిగా మనిషిని నిలబెట్టదని తేలింది. జొన్నరొట్టె పక్కన పప్పు, ఆకుకూర, పాలు ఉండాలి.

నిండిన కంచం, కదలని ఒళ్లు

ఇక్కడి నుంచి కథ ఒకే దారిలో సాగదు. 1960ల చివర ఎక్కువ దిగుబడినిచ్చే ఐఆర్8 వరి వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేద ఇళ్ల పొయ్యి వెలిగించింది. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి విడుదలై సన్నబియ్యం అందరి కోరికైంది. తిండి రకాలు పెరిగి, మందులు అందుబాటులోకి వచ్చి బెరిబెరి అరుదైంది. తెల్లన్నం మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు దాని చుట్టూ వేరే జబ్బులు చేరాయి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. పొలంలో, రోటి దగ్గర ఖర్చయిన శక్తి ఇప్పుడు కుర్చీలో నిల్వ ఉంటోంది. ఉత్తరాంధ్రలోని విజయనగరంలో మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పేరు మోగిన రోజుల్లో తాలింఖానాల్లో దండాలు, బస్కీలు తీయడం కుర్రాళ్లకు గర్వం. ఆ చోటును నగరాల జిమ్‌లు భర్తీ చేస్తున్నా, ఊళ్లలో ఖాళీ అలాగే మిగిలింది.

ప్రయత్నాలూ సాగుతున్నాయి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు 1980ల నుంచి చిరుధాన్యాల విత్తనాలు కాపాడుతున్నారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. 2021లో ప్రకటించిన పథకం కింద రేషను బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చారు. మరలో పోయినదాన్ని తిరిగి బియ్యంలో చేర్చాలన్న బటాన్ ఆలోచనకు ఇది కొనసాగింపు.

జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం, 2000 కేలరీల కంచంలో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పండ్లు 100, పప్పు లేదా గుడ్డు, మాంసం 85, గింజలు 35 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండాలి. సగటు తెలుగు కంచంలో అన్నం రాశిగా, కూర నంజుడుగా ఉంటుంది. ఆ కొలతను తిరగేయడమే మొదటి పని. దంపుడు బియ్యం లేదా తక్కువ పాలిష్ పట్టిన బియ్యం వాడాలి. తవుడులోని నూనె వల్ల అది త్వరగా మక్కువాసన పడుతుంది కనుక కొద్దికొద్దిగా కొని, అరగంటకు పైగా నానబెట్టి వండాలి. బియ్యాన్ని ఒకటి రెండుసార్లే కడిగి, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టాలి. వారంలో కొన్ని పూటలు రాగి సంగటి, జొన్నరొట్టె, కొర్రన్నం పప్పుకూరలతో తినాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే వ్యాయామం వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడకకు సమానం. దానికి తోడు రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయాలి. ఇవేవీ ఖరీదైనవి కావు. ఉత్తర సర్కారు జిల్లాల బెరిబెరి వంటింటి అలవాటు మారడంతో వచ్చింది. నేటి మధుమేహాన్ని చాలామందిలో దూరం పెట్టగలిగేదీ రోజువారీ అలవాట్లే.