సిమెంటులో నిలిచిన కావడి

మా నాన్నగారు బరంపురంలో తాపీ మేస్త్రి. పిట్టగోడల మీద సింహాలు, తోటల్లో కొంగలు చేసేవారు. ముందుగా ఇనుప చువ్వలు వంచి, కట్టుతీగతో బిగించి, బొమ్మకు ఎముకల గూడు నిలిపేవారు. ఆ పైన సిమెంటు పొరలు. "పూత పలచనైతే తేమ దిగుతుందిరా. చువ్వ తుప్పుపట్టి ఉబ్బి, బొమ్మనే పగలగొడుతుంది" అనేవారు. ఆ పనిని శిల్పమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఆయన పోయిన చాలా ఏళ్లకు శాంతినికేతన్ వెళ్లాను. కళాభవన్ ఆవరణలో రామకింకర్ బైజ్ 1938లో చేసిన ‘సంథాల్ కుటుంబం’ ముందు ఆగిపోయాను. భార్యాభర్తలు నడిచిపోతున్నారు. మగవాడి భుజాన కావడి, కావడి తట్టలో పసివాడు, పక్కనే కుక్క. అంతా సిమెంటే!

రామకింకర్ 1906లో బాంకురాలో, క్షురక వృత్తి చేసుకునే ఇంట పుట్టారు. 1925లో శాంతినికేతన్ చేరారు. కంచు పోతకు బోలెడు డబ్బు కావాలి, సిమెంటు చవక. ఇనుప చువ్వల గూడు కట్టి, సిమెంటులో అక్కడి ఎర్ర మొరం కలిపి, ముద్దలుగా దాని మీదికి విసిరేవారు. గట్టిపడే వేళకు ఉలితో చెక్కేవారు. నునుపు చేయలేదు. అందుకే ఆ మనుషుల ఒళ్లు వాళ్లు నడిచే నేలలాగే గరుకు.

ఆ రోజుల్లో కూడళ్లలో నిలిచినవి ఎక్కువగా దొరలవీ, రాజులవీ విగ్రహాలు. ఈయన నిలబెట్టింది కూలీనాలీ చేసుకు బతికే ఒక సంసారాన్ని. 1956లో ‘మిల్లు పిలుపు’లోనూ అంతే: కూత వినగానే మిల్లుకు పరుగెత్తే సంథాల్ ఆడవాళ్లు.

మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఇలాంటి కావడితోనే వచ్చారని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఒక తట్టలో తాపీ సామాను, రెండో తట్టలో మా నాన్న. ఆ బొమ్మ ముందు నిలబడ్డప్పుడు నాకది కథగా అనిపించలేదు.

నాన్న చేసినవాటిలో ఇప్పుడు మిగిలింది ఒక్క కొంగ. ముక్కు విరిగి, చువ్వ బయటపడి ఉంది. ఊరు చేరగానే తుప్పు గీకి, సిమెంటు పూసి, గోనెపట్టా చుట్టి వారం రోజులు తడిపాను. తడి ఆరకముందే అడుగున మేకుతో నాన్న పేరు గీశాను, తెలుగు అక్షరాల్లో.